వేట నేర్పిన వివేకం

పాఠ్యభాగ ఉద్దేశం

వేట మానవజాతి తొలి జీవనోపాధుల్లో ఒకటి. పెద్దల వెంట అడవికి వెళ్ళిన బాలుడు విల్లు ఎక్కుపెట్టడంతోపాటు, దానిని ఎప్పుడు దించాలో కూడా నేర్చుకొనేవాడు. ఆ శిక్షణ స్వరూపాన్ని మన సాహిత్యం, గిరిజన జీవితం ఆధారంగా పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం. వేట చట్టవిరుద్ధమైన నేటి కాలంలో ఆ విద్యలో విడువదగినదేదో, నిలుపుకోదగినదేదో విద్యార్థులు స్వయంగా ఆలోచించేటట్లు చేయడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

మానవుడు నాగలి పట్టడానికి ముందే విల్లు పట్టాడు. నాటి మానవునికి అడవియే అంగడి, అడవియే పాఠశాల. ఆ పాఠశాలలో పలక లేదు, పుస్తకం లేదు. తండ్రియో, తాతయో, మేనమామయో ముందు నడిచేవాడు. బాలుడు ఆయన అడుగులో అడుగు వేస్తూ వెనుక నడిచేవాడు. తడినేల మీది పాదముద్రను చూసి అది దుప్పిదో, కణుజుదో, అడవి పందిదో గుర్తించడం తొలి పాఠం. గాలి మనిషి వైపు నుండి మృగం వైపు వీస్తే మనిషి వాసన దానికి ముందే తెలిసిపోతుంది. కాబట్టి ఎదురుగాలిలో నడవడం రెండవ పాఠం. చెట్టు మీది కొండముచ్చు ఉన్నట్టుండి కూత మార్చితే సమీపంలో పులియో, చిరుతయో తిరుగుతున్నదని గ్రహించడం మరొక పాఠం. ఎండుటాకు చప్పుడు కాకుండా అడుగు వేయడం, కదలక మెదలక గడియల తరబడి మాటు వేసి కూర్చోవడం, ఆకలిదప్పులను ఓర్చుకోవడం వంటివన్నీ అలవడిన తరువాతనే బాలుని చేతికి బాణం వచ్చేది.

ఈ శిక్షణలో పైకి కనిపించని భాగం ఇంకొకటి ఉంది. దేనిని కొట్టకూడదు, ఎప్పుడు కొట్టకూడదు, ఎంతటితో ఆపాలి అన్నవి ఆ భాగానికి చెందిన ప్రశ్నలు. కండబలం ఉన్నవాడెవడైనా విల్లు వంచడం నేర్చుకొంటాడు. వంచిన వింటిని దించడం మాత్రం పెద్దవారు పక్కన ఉండి నేర్పవలసిన విద్య. వేటను గురించి మన పూర్వులు చెప్పిన కథలను పరిశీలిస్తే వాటిలో అధిక భాగం ఈ రెండవ విద్యను గురించినవేనని తెలుస్తుంది.

తిన్నని తొలివేట

పెద్దల పర్యవేక్షణలో జరిగిన తొలివేటకు మన ప్రాంతానికి చెందిన ప్రసిద్ధ ఉదాహరణ తిన్నని కథ. కన్నప్పగా శివభక్తుల్లో అగ్రస్థానం పొందిన తిన్నడు పొత్తపినాడులోని ఉడుమూరు అనే బోయపల్లెకు చెందినవాడు. పొత్తపినాడు నేటి కడప, రాజంపేట పరిసరాల ప్రాంతం. పదహారవ శతాబ్దికి చెందిన ధూర్జటి మహాకవి తన 'శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యం'లో ఈ కథను హృద్యంగా చెప్పాడు. అంతకు సుమారు నాలుగు శతాబ్దాల ముందే తమిళకవి సేక్కిళార్ 'పెరియ పురాణం'లో దీనిని విస్తరించి చెప్పాడు. తిన్నని భక్తిని గురించి అందరికీ తెలుసు. అతడు వేట నేర్చుకొన్న తీరును గురించి తెలిసినవారు తక్కువ.

పెరియ పురాణ కథ ప్రకారం తిన్నని తండ్రి ఆ పల్లెకు నాయకుడు. కుమారునికి తగిన వయస్సు రాగానే ఆచార్యుని నియమించి ధనుర్విద్య నేర్పించాడు. కొంతకాలానికి తండ్రి వృద్ధుడయ్యాడు. క్రమం తప్పక జరగవలసిన వేట ఆగిపోయింది. అడవిమృగాలు పెరిగి కొండచేలలోని పైరును పాడు చేయసాగాయి. పల్లెవారు వచ్చి నాయకునికి మొర పెట్టుకొన్నారు. అప్పుడు ఆ తండ్రి తన అధికారాన్ని కుమారునికి అప్పగించాడు. అడవిదేవతను కొలిచే వృద్ధురాలిని పిలిపించి ఆశీస్సులు ఇప్పించాడు. ఈ విధంగా తిన్నని తొలివేట ఒక బాధ్యతగా మొదలైంది. పల్లెవారి పైరును కాపాడడం దాని ప్రయోజనం.

అడవిలో వలలు పన్నారు. డప్పులు మోగాయి. వేటకుక్కలను వదిలారు. మృగాలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. వేట ఉద్ధృతంగా సాగుతున్న ఆ సందర్భంలోనే సేక్కిళార్ ఒక విశేషాన్ని ప్రత్యేకంగా చెప్పాడు. ఆ బోయలు ఏనుగు గున్నలను వెంటాడలేదు. చిన్న పిల్లలను చంపలేదు. గర్భభారంతో అడుగు తడబడుతున్న జంతువులకు ఏ హానీ చేయలేదు. రక్తం వేడెక్కిన క్షణంలో కూడా ఈ కట్టుబాటు తప్పలేదంటే అది ఆ నాటికి ఆ జాతి స్వభావంగా మారిందని అర్థం. తొలిసారి వేటకు వచ్చిన యువకుడు దానిని కన్నులారా చూశాడు. మరుసటి సంవత్సరం అడవి మళ్ళీ నిండాలంటే పిల్లలూ, తల్లులూ బతకాలి. కరుణయూ, ముందుచూపూ ఒకే నియమంలో ఇమిడి ఉన్నాయి.

అంతలో ఒక అడవిపంది వలలు తెంచుకొని పారిపోయింది. తిన్నడు దాని వెంటపడ్డాడు. మిగిలినవారు వెనుకబడగా నాణుడు, కాడుడు అనే ఇద్దరు మాత్రం అతనిని విడువక అనుసరించారు. తిన్నడే ఆ పందిని చంపాడు. తరువాత నీటికోసం స్వర్ణముఖి వైపు అతనికి దారి చూపినవాడు, కాళహస్తి కొండ మీద దేవుడున్నాడని చెప్పినవాడు నాణుడే. ఆ ఇద్దరు తోడు లేకుంటే తిన్నడు అడవిలో ఒంటరి. వారు అతనికి బదులుగా వేటాడలేదు. అతనిని ఒంటరిగా వదిలిపెట్టనూ లేదు. తోడుగా వెళ్ళే పెద్దవారి కర్తవ్యం ఇంతకంటే వేరే లేదు.

తోడు లేని వేట

పెద్దవారు పక్కన లేని వేట ఎంతటి అనర్థానికి దారి తీస్తుందో మన ఇతిహాసాలు చెప్పాయి. దశరథుడు యువరాజుగా ఉన్న రోజుల్లో శబ్దం విని గురి చూడకుండానే కొట్టగల నేర్పు సంపాదించాడు. ఆ నేర్పు అతనికి గర్వకారణమైంది. ఒక వర్షాకాలపు రాత్రి సరయూనదీ తీరంలో ఒంటరిగా మాటు వేశాడు. కుండలో నీరు నిండుతున్న చప్పుడు విని ఏనుగు నీరు తాగుతున్నదని భావించి బాణం వేశాడు. అది అంధులైన తల్లిదండ్రులకోసం నీరు ముంచుతున్న మునికుమారునికి తగిలింది. వాల్మీకి పేరు చెప్పని ఆ బాలుని లోకం శ్రవణకుమారుడని పిలుస్తున్నది. ఆ తండ్రి శాపమే చాలాకాలం తరువాత పుత్రశోకంగా దశరథుని బలిగొన్నది. కంటితో చూడనిదానిపై ఆయుధం ప్రయోగించకూడదన్న ఒక్క మాట చెప్పి చేయి పట్టి ఆపేవారు ఆ రాత్రి అతని పక్కన లేరు.

పాండురాజు కథ మరొక విధమైనది. అతడు అడవిలో కలిసి ఉన్న లేళ్ళ జంటను బాణాలతో కొట్టాడు. మగలేడి రూపంలో ఉన్నవాడు కిందముడనే ముని. మృగాన్ని చంపినందుకు తాను నిందించడం లేదనీ, ఆ సమయం గడిచేవరకైనా ఆగకపోవడమే దోషమనీ ఆ ముని చెప్పాడు. వేట క్షత్రియునికి తగినదేనని అంగీకరించిన సమాజమే వేటకు ఒక మర్యాద ఉన్నదనీ, దానిని మీరినవాడు రాజైనా శిక్షార్హుడనీ భావించిందన్న మాట.

ఇందుకు భిన్నమైన చిత్రం కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం' ఆరంభంలో కనిపిస్తుంది. దుష్యంతుడు లేడిని తరుముతూ కణ్వాశ్రమ సమీపానికి వచ్చి బాణం ఎక్కుపెట్టాడు. అది ఆశ్రమమృగం, చంపవద్దని తాపసులు అడ్డు వచ్చారు. చక్రవర్తి ఒక్క మాట ఎదురాడకుండా బాణాన్ని ఉపసంహరించుకొన్నాడు. 'రఘువంశం'లోని దశరథుడు కూడా ఒక లేడి తన ప్రియునికి అడ్డుగా నిలిస్తే ఎక్కుపెట్టిన బాణాన్ని దించాడు. కాళిదాసు దృష్టిలో వీరుని గొప్పతనం బాణం తగలడంలో కంటే ఆగడంలోనే ఎక్కువగా ప్రకటితమైంది.

గుణదోష విచారం

వేట మంచిదా, చెడ్డదా అన్న చర్చ మన దేశంలో కొత్తది కాదు. మనుస్మృతి కామం వలన పుట్టే వ్యసనాల్లో మిక్కిలి కీడు చేసే నాలుగింటిలో వేటను చేర్చింది. తెలుగువారు చెప్పుకొనే సప్తవ్యసనాల్లోనూ వేట ఉంది. కౌటిల్యుడు మాత్రం అర్థశాస్త్రంలో జూదంతో పోల్చి వేటనే మేలని నిర్ణయించాడు. దేహానికి వ్యాయామం, కదిలే లక్ష్యాన్ని కొట్టే నేర్పు, భయంలోనూ, కోపంలోనూ ఉన్న జంతువుల మనస్సును గ్రహించే శక్తి వేట వలన కలుగుతాయని అతని వాదం. శాకుంతలం రెండవ అంకంలో సేనాపతి ఇదే ధోరణిలో వేటను పొగిడితే, ఎముకలు నొప్పెట్టిన విదూషకుడు దానిని తిట్టిపోశాడు.

ఈ వాదప్రతివాదాలన్నింటి కంటే లోతైన సన్నివేశం మహాభారత అరణ్యపర్వంలో ఉంది. పాండవులు ద్వైతవనంలో ఉంటూ లేళ్ళను వేటాడి తమవారికీ, తమను ఆశ్రయించినవారికీ ఆహారం సమకూర్చేవారు. ఒకనాటి రాత్రి ధర్మరాజుకు కల వచ్చింది. కలలో ఆ అడవి మృగాలు కన్నీటితో నిలిచి, తాము కొద్దిమందిమే మిగిలామనీ, విత్తనంగా ఉన్న తమను బతకనిమ్మనీ వేడుకొన్నాయి. తెల్లవారగానే ధర్మరాజు తమ్ములకు ఆ కల చెప్పి, అందరితో కలిసి కామ్యకవనానికి తరలిపోయాడు. పరిణతి పొందిన పెద్దవాడు తన కింది వారికి ఇచ్చిన ఆజ్ఞ ఇది. అడవి తరిగిపోయిందని తెలిసిన రోజున వేట ఆపాలి. వేటగాడే తరలిపోవాలి.

నల్లమల చెంచులు

పురాణాల నుండి సమీప కాలానికి వస్తే, వేటను జీవనంలో భాగంగా నిలుపుకొన్న తెలుగు గిరిజనుల్లో నల్లమల చెంచులు ముఖ్యులు. నాటి హైదరాబాదు రాజ్యంలోని అమ్రాబాదు పీఠభూమిలో వీరి మధ్య ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1943లో వీరిపై గ్రంథం ప్రకటించాడు. చెంచులకు విల్లంబులే గుర్తు అయినా, వారి ఆహారంలో అధిక భాగం వేట వలన వచ్చింది కాదు. అడవి దుంపలు, పండ్లు, ఆకుకూరలు ఏరి తెచ్చుకోవడమే వారి ప్రధాన జీవనం. తేనె వారికి ప్రియమైన సేకరణ. వేట అప్పుడప్పుడు లభించే అదనపు ఆహారం మాత్రమే.

చెంచు బాలుడు చిన్న వెదురు విల్లుతో ఆటలాడుతూనే గురి నేర్చుకొంటాడు. తరువాత పెద్దల వెంట అడవికి వెళ్తాడు. దుంప తవ్వడం, తేనెపట్టు జాడ పట్టడం, నీటిబుగ్గ ఉన్న చోటు గుర్తుపెట్టుకోవడం, జంతువు నడిచిన దారి తెలుసుకోవడం అన్నీ ఒకే నడకలో నేర్చుకొంటాడు. అతనికి వేట విడిగా ఉన్న వినోదం కాదు, అడవిని తెలుసుకొనే విద్యలో ఒక అధ్యాయం. రాజులూ, జమీందారులూ, దొరలూ ఆడిన వేటకూ దీనికీ ఎంతో తేడా ఉంది. ఆ వేటల్లో పల్లెజనం డప్పులు కొట్టి మృగాలను తోలితే, మంచె మీద కూర్చున్నవారు తుపాకులు పేల్చేవారు. అడవితో పరిచయం లేకుండానే, లెక్కకు మిక్కిలిగా చంపడమే అక్కడ ఘనత. అటువంటి వేట, అడవుల నరికివేత కలిసి మన దేశంలోని చీతాను రూపుమాపాయి. అది అంతరించినట్లు 1952లో ప్రభుత్వం ప్రకటించింది. మళ్ళీ 2022లో నమీబియా నుండి చీతాలను తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదలవలసి వచ్చింది.

ఇతర దేశాల పద్ధతి

వేటను చట్టం అనుమతించే దేశాల్లో యువకుల శిక్షణకు కచ్చితమైన నియమాలు ఉన్నాయి. జర్మనీలో వేటగాడు కాగోరేవాడు జంతుశాస్త్రం, అటవీ సంరక్షణ, చట్టం, ఆయుధ వినియోగం మొదలైన విషయాల్లో కఠినమైన పరీక్షలో ఉత్తీర్ణుడు కావాలి. పదహారేళ్ళు నిండినవారికి అనుమతి లభించినా, పద్దెనిమిదేళ్ళ వరకు అనుభవజ్ఞుడైన పెద్దవారి తోడు లేకుండా వేటకు వెళ్ళరాదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 1949లో యువ వేటగాళ్ళకు భద్రతాశిక్షణను తప్పనిసరి చేసింది. అక్కడి శిక్షణలో మొదట చెప్పే సూత్రాలు ఇవి: ప్రతి తుపాకీనీ గుండు ఉన్నదిగానే భావించాలి. కొట్టదలచనిదాని వైపు గొట్టం తిప్పరాదు. లక్ష్యాన్నీ, దాని వెనుక ఉన్నదానినీ స్పష్టంగా చూసిన తరువాతనే మీట నొక్కాలి. సరయూతీరపు కథ చెప్పిన నీతికీ ఈ సూత్రాలకూ తేడా లేదు.

మన దేశంలో జిమ్ కార్బెట్ జీవితం మరొక నిదర్శనం. 1875లో నైనితాల్‌లో పుట్టిన కార్బెట్ బాల్యంలో అన్న టామ్ వెంటా, కున్వర్ సింగ్ అనే గ్రామీణ వేటగాని వెంటా అడవికి వెళ్ళి అడవి భాష నేర్చుకొన్నాడు. ఆ అనుభవాలను 1953లో 'జంగిల్ లోర్' అనే పుస్తకంలో రాశాడు. మనుషులను చంపే పులులను వేటాడి ప్రసిద్ధుడైన ఆయనే తరువాత పులులను ఛాయాచిత్రాల్లో బంధించడానికి ఇష్టపడి, వాటి రక్షణకోసం పాటుపడ్డాడు. పక్షి కూతను బట్టి పులి జాడ కనిపెట్టే నేర్పు తుపాకీకి ఎంత ఉపయోగపడిందో కెమెరాకూ అంతే ఉపయోగపడింది.

చట్టం చెప్పినది

స్వతంత్ర భారతంలో వేట విషయంలో పెద్ద మలుపు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం. మొదట్లో కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడే అవకాశం మిగిలింది. 1991లో చేసిన సవరణ ఆ అవకాశాన్ని కూడా తొలగించింది. ఈ చట్టం దృష్టిలో చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు పన్నడం, వల వేయడం, ఎర పెట్టడం, తరమడం, పక్షి గుడ్లు తీయడం, గూళ్ళను చెదరగొట్టడం, ఇటువంటి పనులకు ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తాయి. ప్రాణహాని, పంటనష్టం కలిగించే జంతువుల విషయంలో చట్టంలోని పదకొండవ విభాగం ప్రకారం రాష్ట్ర వన్యప్రాణి సంరక్షణ ప్రధానాధికారి లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి లేకుండా ఎవరూ వేటాడరాదు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో అడవులనూ, వన్యప్రాణులనూ కాపాడడం, జీవుల పట్ల కరుణ చూపడం కూడా ఉన్నాయి.

పొలం గట్టున పరీక్ష

చట్టం ఉన్నంతమాత్రాన సమస్య తీరలేదు. జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోని ముత్యంపేట పరిసరాలను చూస్తే అది తెలుస్తుంది. ముత్యంపేట పేరు చెప్పగానే 2015లో మూతపడిన చక్కెర కర్మాగారం గుర్తుకు వస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతమంతా చెరకు, పసుపు, మొక్కజొన్న, వరి పండే నేల. ఉత్తరాన గోదావరి, ఆ నది దాటితే నిర్మల్, మంచిర్యాల జిల్లాల అడవులు, 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం ఉన్నాయి. పైరు ఏపుగా పెరిగిన చేను అడవిపందికి ఆహారమూ, ఆశ్రయమూ అవుతుంది. ఒక మంద ఒక్క రాత్రి చేనులో పడితే ఆరునెలల కష్టం నేలపాలు కావచ్చు. తిన్నని పల్లెవారు నాయకునికి పెట్టుకొన్న మొర నేటి రైతు నోటా వినిపిస్తున్నది. ఆ మొర న్యాయమైనది.

పూర్వం ఈ పల్లెల్లో చేనికి కావలి ఉండేది. మంచె మీద తాతతోపాటు మనుమడు కూర్చునేవాడు. వడిసెల తిప్పడం, డబ్బా మోగించడం, కేక వేయడం, నెగడు రగిలించడం తాత నేర్పేవాడు. మృగాన్ని తరమడమే అక్కడ లక్ష్యం. ఆ కావలి క్రమంగా తగ్గి, కొన్ని చోట్ల చేని చుట్టూ కరెంటు తీగ పరిచే దురలవాటు వచ్చింది. అడవిపంది మాంసంకోసం రాత్రివేళ తీగలు పరిచేవారూ ఉన్నారు. ఈ పనికి కుర్రవాళ్ళను సాహసం పేరుతో వెంట తీసుకొని వెళ్ళడం మరింత విచారకరం.

వేట విద్యతో పోల్చి చూస్తే ఆ తీగలోని ఘోరం అర్థమవుతుంది. తీగకు కన్ను లేదు. తల్లి ఏదో, పిల్ల ఏదో, పంది ఏదో, పశువు ఏదో, మోటరు పెట్టడానికి వచ్చిన రైతు ఎవరో దానికి తెలియదు. దశరథుడు కనీసం శబ్దం విన్నాడు. తీగ అదీ వినదు. ఇటువంటి తీగలకు మనుషులు బలి అయిన వార్తలు తెలుగు పత్రికల్లో అనేక పర్యాయాలు వచ్చాయి. పాదముద్ర చదవడం, గాలిని గమనించడం, ఓపిక పట్టడం వంటివేవీ ఈ పనిలో లేవు. ఆగడానికి అవకాశమే లేని ఆయుధం ఇది. కుర్రవానిని దీనికి తోడు తీసుకొని వెళ్ళే పెద్దవాడు అతనికి ఏ విద్యా నేర్పడం లేదు. అతనిని నేరంలోకీ, ప్రాణాపాయంలోకీ దింపుతున్నాడు.

రైతుకు వేరే మార్గాలు ఉన్నాయి. మరణం కలిగించకుండా కొద్దిపాటి అదురు మాత్రమే ఇచ్చే సౌరవిద్యుత్ కంచెలు వాడవచ్చు. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ వంటి పైర్లను దట్టమైన వరుసలుగా వేయాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించారు. పంట నష్టపోయినప్పుడు అధికారులకు తెలిపి పరిహారం కోరవచ్చు. ఊరివారు వంతులవారీగా కావలి కాయవచ్చు. ఇవన్నీ శ్రమతో కూడినవే. తీగ పరచడం సులభమే కాని, దాని మూల్యం ఒక నిండు ప్రాణం.

నిలిచిన విద్య

వేట ఆగిపోతే ఆ విద్య అంతా నశించవలసిందేనా అన్న ప్రశ్నకు నల్లమలయే సమాధానం ఇచ్చింది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, అమ్రాబాదు అభయారణ్యంలోనూ అటవీశాఖ చెంచు యువకులను అడవి కాపలాకు నియమించుకొన్నది. వారు అడవిలోని స్థావరాల్లో ఉంటూ కాలిబాటల వెంట తిరిగి, పులి పాదముద్రలను గుర్తించి, వేటగాళ్ళ ఉచ్చులను తొలగిస్తున్నారు. తాతలు వేటకోసం నేర్పిన కంటిచూపు మనుమలకు రక్షణలో అక్కరకు వచ్చింది. ఉచ్చు ఎక్కడ పన్నుతారో తెలిసినవాడే దానిని త్వరగా కనిపెట్టగలడు.

సంప్రదాయం కూడా ఇటువంటి మార్పునే చేసుకొన్నది. అహోబిలంలో ఏటా సంక్రాంతి సమయంలో పారువేట ఉత్సవం ఆరంభమవుతుంది. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహస్వామిని చెంచులు తమ ఇంటి అల్లునిగా భావిస్తారు. వేటకు బయలుదేరిన స్వామి పల్లకి నలభై రోజులకు పైగా ముప్పయికి మించిన గ్రామాలను చుట్టివస్తుంది. తిరుమలలోనూ కనుమనాడు పారువేట జరుగుతుంది. విల్లు ఉంటుంది, ఈటె ఉంటుంది, ఊరేగింపు ఉంటుంది. ప్రాణి మాత్రం చావదు. వేటలోని ఉల్లాసం, కలిసి నడవడం, అడవిని స్మరించుకోవడం నిలిచి, హింస తొలగిపోయింది.

నేటి యువకుడు కూడా పెద్దవారి వెంట అడవికి వెళ్ళవచ్చు. పక్షులను గుర్తించడం, పాదముద్రల అచ్చులు తీయడం, జంతుగణనలో పాల్గొనడం, ఛాయాచిత్రాలు తీయడం వంటి పనుల్లో పూర్వపు వేటగానికి కావలసిన ఏకాగ్రత, మౌనం, ఓర్పు అన్నీ కావాలి. తెలంగాణ రాష్ట్ర జంతువైన జింకను పొద్దుటి వెలుగులో బెదరకుండా దగ్గరనుండి చూడగలిగినవాడు వేట విద్యలోని కష్టమైన భాగాన్ని సాధించినట్లే. అటువంటి అవకాశం యువతకు కల్పించడం తల్లిదండ్రులు, అధ్యాపకులు, ఊరిపెద్దల బాధ్యత. యువకులు సాహసం కోరుకోవడం సహజం. దానిని ఏ దారిన నడపాలో నిర్ణయించేది వారి ముందు నడిచే పెద్దవారి అడుగులే.

కఠిన పదాలకు అర్థాలు

మృగయ = వేట
మాటు = పొంచి ఉండే చోటు
కణుజు = పెద్ద కొమ్ములు గల ఒక జాతి అడవిజంతువు
గున్న = ఏనుగు పిల్ల
ఉపసంహరించు = వెనుకకు తీసుకొను
వ్యసనం = విడువరాని చెడు అలవాటు
వడిసెల = రాళ్ళు విసరడానికి వాడే తాడు
నెగడు = రాత్రివేళ వేసే మంట
పర్యవేక్షణ = దగ్గర ఉండి చూడడం
అక్కరకు వచ్చు = అవసరానికి ఉపయోగపడు

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. తిన్నని తొలివేటలో పెద్దలు నిర్వహించిన పాత్రను వివరించండి.
2. 'వంచిన వింటిని దించడం పెద్దవారు నేర్పవలసిన విద్య' అన్న వాక్యాన్ని పాఠ్యభాగంలోని కథల ఆధారంగా సమర్థించండి.
3. పంట రక్షణ, వన్యప్రాణి రక్షణ రెండూ సాధ్యమయ్యే మార్గాలను మీ ఊరి పరిస్థితులతో పోల్చి రాయండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ధర్మరాజుకు వచ్చిన కలలోని అంతరార్థం ఏమిటి?
2. వేటను గురించి కౌటిల్యుని అభిప్రాయాన్ని తెలపండి.
3. చెంచుల వేటకూ, జమీందారుల వేటకూ గల భేదాలేవి?
4. కరెంటు తీగ పరచడం వేట విద్యకు ఎట్లా విరుద్ధం?

ఇ) కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'పెరియ పురాణం' కర్త ఎవరు?
2. పాండురాజును శపించిన ముని ఎవరు?
3. వన్యప్రాణి సంరక్షణ చట్టం ఏ సంవత్సరానికి చెందినది?
4. అహోబిలంలో జరిగే వేట ఉత్సవం పేరేమిటి?

ఈ) కింది పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.
1. విల్లంబులు 2. జీవనోపాధి 3. ఏకాగ్రత 4. కణ్వాశ్రమం

ఉ) కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
1. పాదముద్ర 2. వన్యప్రాణులు 3. తల్లిదండ్రులు 4. పుత్రశోకం

ఊ) భాషాకార్యం
మీ ఊరిలో చేనికావలి కాసిన అనుభవం గల పెద్దవారిని కలిసి, అడవిజంతువులకు, పక్షులకు, వాటి జాడలకు వారు వాడే మాటలను సేకరించి పట్టిక తయారు చేయండి.